లెక్కకు అందిన పక్షులు, అందని బల్లి

పక్షుల మీది ప్రేమతోనే ఆసియా నీటిపక్షుల గణనకు పేర్లు ఇచ్చామని చెబితే అది పూర్తి నిజం కాదు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి గణనలో పాల్గొనాలని ఉంది, మూడో తరగతి పిల్లవాడికి అడవి చూడాలని ఉంది, మావారికి చాలా కాలంగా మూలన పడి ఉన్న గుడారం ఎక్కడో ఒకచోట వేయాలని ఉంది. జనవరి సెలవుల్లో ఈ మూడు కోరికలనూ ఒకే కారులో కుక్కుకుని నాలుగు రోజులపాటు నేలపట్టు, పులికాట్, తలకోన తిరిగి వచ్చాము. డెబ్బై ఏళ్లు దాటిన మా మామయ్యగారు బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ముందు సీటులో కూర్చున్నారు. దారి చెప్పే బాధ్యత తనదేనని ఆయన ముందుగానే ప్రకటించారు.

1987లో మొదలైన ఈ గణన ఏటా జనవరిలోనే జరుగుతుంది. ఉత్తరాది చలిని తప్పించుకుని వచ్చిన వలస పక్షులు ఆ నెలలో మన చెరువుల్లో, మడుగుల్లో కుదురుకుని ఉంటాయి కాబట్టి ఒకచోట లెక్కించినవే మరోచోట కనబడి లెక్క రెండింతలయ్యే ప్రమాదం తక్కువ. పాల్గొనేవారంతా స్వచ్ఛందంగా వచ్చినవారే. పక్షుల సంఖ్యతోపాటు నీరు ఎంత ఉంది, చుట్టూ ఏం జరుగుతోంది అన్నది కూడా పత్రంలో నింపాలి. మాకు పని నేర్పిన పెద్దాయన మొదటే ఒక మాట గట్టిగా చెప్పారు: చెరువులో ఒక్క పక్షి లేకపోయినా సున్నా అని రాయాలి, ఖాళీగా వదలకూడదు. ఖాళీ గడిని చూస్తే మనం ఆ చెరువుకు వెళ్లామో లేదో ఎవరికీ తెలియదు, సున్నాను చూస్తే తెలుస్తుంది. ఇది మా పిల్లవాడికి ఎందుకో బాగా నచ్చింది. దారిలో కనబడిన ప్రతి ఎండు గుంటకూ సున్నా వేస్తానని పట్టుబట్టాడు.

సూళ్లూరుపేటలో రాత్రి బస చేసి, తెల్లవారక ముందే జాతీయ రహదారి 16 మీద ఉత్తరంగా వచ్చి దొరవారిసత్రం దగ్గర నేలపట్టు వైపు తిరిగాము. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఈ చోటు విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లే అయినా, గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచే చోట్లలో దీనికి పెద్ద పేరుంది. చెరువులో మొల లోతు నీళ్లలో నిలబడి ఉండే నీటి కడప చెట్ల మీద అవి గూళ్లు కడతాయి. ఈశాన్య రుతుపవనాల వానకు చెరువు నిండితే చెట్ల చుట్టూ నీరు చేరి నేల మీది జంతువులు గూళ్ల దాకా రాలేవు, పిల్లలకు చేపలకూ కొరత ఉండదు. వాన ముఖం చాటేసిన సంవత్సరం గూళ్లు పలచబడతాయని అక్కడివారు చెప్పారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని నమ్మే ఊరివారు తరతరాలుగా వీటి జోలికి ఎవరినీ పోనివ్వలేదు. కంచె కన్నా ఈ నమ్మకమే ఎక్కువ కాపాడిందేమోనని నాకు అనిపించింది.

మంచు తెర తొలగేసరికి చెట్లన్నీ తెల్లగా పూసినట్టు కనబడ్డాయి. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కోవడం చూసి మా పిల్లవాడు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారుపడ్డాడు. పక్క కొమ్మల మీద నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు ఉన్నాయి. ఇక్కడ గూళ్లను లెక్కించడమే మా పని. గూడుకు ఒక గీత, ఐదో గీత అడ్డంగా. మామయ్యగారు ఒక్కో గూడునూ చూసి చెబుతుంటే అమ్మాయి గీతలు గీసింది. చూడటానికీ లెక్కించడానికీ ఉన్న తేడా అక్కడే తెలిసింది. చూసేటప్పుడు కన్ను అందమైన వాటి మీద ఆగిపోతుంది, లెక్కించేటప్పుడు ఆకుల చాటున సగం కనబడే గూడును కూడా వదలకూడదు. రెండు గంటల తరువాత అందరికీ మెడలు పట్టేశాయి. మావారు మాత్రం గుడారం ఎప్పుడని అడుగుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం దాటాక సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఎక్కాము. చిలిక తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అయిన పులికాట్‌ను చీల్చుకుంటూ సాగే రోడ్డు అది. అటూ ఇటూ నీరు, ఆ నీటిలో గులాబీ గీతలా ఫ్లెమింగోలు. ముక్కును తలకిందులుగా నీటిలో ఉంచి, నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తూ నాచునూ సన్నటి జీవులనూ వడగట్టుకుంటాయి. కొన్ని ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురదను కలుపుతున్నాయి. గుంపులో బూడిద రంగువి బురద పూసుకున్నవని అమ్మాయి అనుకుంది. అవి పిల్ల పక్షులనీ, తినే తిండిలోని రంగు పదార్థాలు ఒంటికి పట్టి గులాబీ తేలడానికి ఏళ్లు పడుతుందనీ మా వెంట ఉన్న గణకుడు చెప్పాడు.

ఇంత గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం కుదరదు. ముందు పది పక్షులను సరిగ్గా లెక్కించి, టెలిస్కోపులో ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, ఆ కొలతను గుంపు వెంట పేర్చుకుంటూ పోవాలి. గుంపు పెద్దదైతే వంద మేరతో కొలవాలి. ఒకే గుంపును ముగ్గురం విడివిడిగా లెక్కిస్తే మావారికి నాలుగు వందలు, నాకు ఐదు వందల యాభై, అమ్మాయికి ఆరు వందల ఇరవై వచ్చాయి. ఎవరి లెక్క వారికి సరైనదే అనిపించింది. పెద్ద గుంపులను మనిషి కన్ను సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తుందని గణకుడు చెప్పగానే అమ్మాయి తండ్రి వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తుండగా ఎవరో డ్రోను ఎగరవేశారు. గుంపు మొత్తం రెక్కల కింది ఎరుపూ నలుపూ చూపిస్తూ ఒక్కసారి లేచింది. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొట్టారు. తిండి మానుకుని ఎగిరిన ప్రతిసారీ ఆ పక్షులకు ఎంత శక్తి ఖర్చవుతుందో తెలిసినవారెవరూ చప్పట్లు కొట్టరు. పత్రంలో 'ఇబ్బందులు' అన్న గడిలో ఆ డ్రోనును రాసి వచ్చాము.

అటకానితిప్ప దాటాక మా సొంత ఇబ్బంది ఎదురైంది. నీరు తీసిన చోట సరస్సు అడుగు ఉప్పు పెచ్చు కట్టి గట్టి నేలలా మెరుస్తోంది. దాని మీద చక్రాల జాడలు కూడా ఉన్నాయని, ఇంకాస్త దగ్గరికి పోవచ్చని మావారు కారు దింపారు. పది గజాలు పోయేసరికి పెచ్చు విరిగి ముందు చక్రాలు నల్లటి బురదలోకి దిగబడ్డాయి. ఎంత తిప్పితే అంత లోతుకు పోయాయి. వలలు సర్దుకుంటున్న జాలరులు నలుగురు వచ్చి, చక్రాల కింద చెక్కలు వేసి, కారును వెనక్కి తోశారు. వారిలో ఒక పెద్దాయన నవ్వుతూ, "ఆ జాడలు ట్రాక్టరువి సార్, మీ బండివి కావు" అన్నాడు. మామయ్యగారు ఆ మాటను మిగిలిన ప్రయాణమంతా సందర్భం దొరికినప్పుడల్లా వాడుకున్నారు.

మరునాడు భీములవారిపాళెంలో పడవ ఎక్కి కాసేపు తిరిగి, శ్రీకాళహస్తి, తిరుపతి, బాకరాపేట మీదుగా చీకటి పడేలోగా తలకోన చేరాము. శేషాచలం కొండల్లో, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉన్న చోటు అది. గుడారం వేయడానికి అనుమతించిన స్థలంలోనే వేశాము. రాత్రంతా ఏదో పొడి ఆకుల మీద నడిచింది. ఎలుగుబంటి అని పిల్లవాడు, కుక్క అని మావారు.

పొద్దున స్థానిక మార్గదర్శి వెంట జలపాతం దాకా నడిచాము. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీటి కన్నా, ఆ దారిలో చెట్ల మీదుగా ఏనుగు తొండాల్లా మెలికలు తిరిగి పాకిన గిల్లతీగలే నన్ను ఎక్కువసేపు ఆపాయి. వాటి నీడలో ఒక బెట్టుడుత (అడవి పెద్ద ఉడుత) కొమ్మ నుంచి కొమ్మకు దూకింది. దారి పక్కన ఎవరో గడ్డపారతో తవ్వినట్టున్న పుట్టను చూపించి, చెదల కోసం ఎలుగు చేసిన పని ఇది అన్నాడు మార్గదర్శి. పిల్లవాడు తండ్రి వైపు తిరిగి ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

అందరం చూడాలనుకున్నది బంగారు బల్లిని. ఈ జాతిని శాస్త్రానికి మొదటిసారి పరిచయం చేసినది 1870లో, తిరుపతి కొండల నుంచే. జతకట్టే కాలంలో మగబల్లి పసుపు వన్నెలో మెరుస్తుంది, మిగిలినప్పుడు రాతి రంగులోనే ఉంటుంది. తడి ఊరే రాతి నెర్రెల్లో పగలంతా దాగి ఉంటుంది కాబట్టి మార్గదర్శి చూపిన ప్రతి నెర్రెలోనూ చేత్తో తాకకుండా, దూరం నుంచే టార్చి వేసి వెతికాము. మూడో నెర్రె పైకప్పుకు తెల్లటి గుండ్రటి గుడ్లు గుంపుగా అతికి ఉన్నాయి. చాలా ఆడబల్లులు ఒకేచోట పెడతాయట. కొన్ని పగిలి పెంకులే మిగిలాయి. అరగంట కదలకుండా నిలబడినా ఒక్క బల్లీ బయటికి రాలేదు. వెలుతురు తగ్గుతోందని, ఇక వెనుదిరగాలని మార్గదర్శి తొందరపెట్టాడు.

కారు దగ్గరికి వచ్చాక పిల్లవాడు తన నోటుపుస్తకం తెరిచి, తేదీ, చోటు, సమయం అక్క చెప్పినట్టే వరుసగా రాశాడు. కింద, గుడ్లు 23, పెంకులు 9 అని వేశాడు. బల్లుల దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు కాసేపు ఆగింది. "అమ్మా, లోపల ఉన్నాయి కదా" అన్నాడు. "కనబడ్డవే రాయాలి నాన్నా" అన్నాను. పెద్ద సున్నా చుట్టి పుస్తకం మూశాడు.