పార్లమెంటు గ్యాలరీలో ఒక గుమాస్తా

నేను హనుమకొండ కోర్టులో వకీలు గుమాస్తాను. బంధువుల ఫోన్ నంబర్ల కంటే సెక్షన్ల నంబర్లే నాకు బాగా గుర్తుంటాయి. 2023 ఆగస్టులో మేనల్లుణ్ని ఢిల్లీ కాలేజీలో దింపడానికి కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాత్రంతా వాడి సర్టిఫికెట్ల ఫైలు తలగడ కిందే. పుట్టిన తేదీకి పదో తరగతి మెమోయే దిక్కు. బర్త్ సర్టిఫికెట్ ఉంది గానీ అందులో పేరు గడి ఖాళీ!

మా సారు పుణ్యమా అని 11వ తేదీకి పార్లమెంటు పాసు దొరికింది. వర్షాకాల సమావేశాల ఆఖరి రోజు అది. కొత్త భవనాన్ని మేలోనే ప్రారంభించినా, సభ ఇంకా పాత గుండ్రటి భవనంలోనే నడుస్తోంది. ఫోను, సంచితో పాటు జేబులో పెన్ను కూడా కౌంటర్లో ఇచ్చేయమన్నారు. పెన్ను లేకపోతే నాకు చొక్కా లేనట్టే ఉంటుంది. గ్యాలరీలో కాలు మీద కాలు వేసుకున్నానో లేదో, సఫారీ వేసుకున్న ఒకాయన దించమని సైగ చేశాడు. కింద పచ్చ తివాచీ. టీవీలో చూసి ఎంతో పెద్దదనుకున్న సభ చిన్నగానే ఉంది.

అమిత్ షా లేచి మూడు బిల్లులు పెట్టారు. నేరాలకు శిక్షలు చెప్పే 1860 నాటి ఐపీసీకి బదులు భారతీయ న్యాయ సంహిత, దర్యాప్తు, విచారణ తీరు చెప్పే సీఆర్‌పీసీకి బదులు నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్టుకు బదులు సాక్ష్య బిల్లు. పేర్లు వింటే ఆయుర్వేద గ్రంథాల్లా అనిపించాయి. హిందీ నాకు సగమే అర్థమైంది. చిన్న నేరాలకు సమాజ సేవ శిక్ష అనగానే మాత్రం చెవులు రిక్కించాను. అయిదు వేల లోపు దొంగతనం, మొదటి తప్పు, సొత్తు తిరిగిచ్చేస్తే జైలు అక్కర్లేదు. సైకిలెత్తుకుపోయిన చిన్న కేసులో నెలల తరబడి లోపలున్న కుర్రాళ్లను చూశాను కాబట్టి ఇది నాకు నచ్చింది. కానీ ఆ సేవ అంటే ఏమిటో ఆ బిల్లుల్లో రాయలేదు. అవి ఎంపీల స్థాయీ సంఘం పరిశీలనకు వెళ్లి, డిసెంబరులో మళ్లీ తెచ్చినప్పుడు చేర్చారు.

మధ్యాహ్నం ఏపీ భవన్ క్యాంటీన్లో కందిపొడి, నెయ్యి కలుపుకుంటుంటే పక్కన కూర్చున్న గుంటూరు పెద్దాయన అడిగాడు: "ఏమండీ, ఇక ఎవర్నీ ఫోర్ ట్వంటీ అని తిట్టడానికి లేదా?" నవ్వుతుంటే నాకు పొరపోయింది.

నా మనసు మాత్రం అదే సమావేశాల్లో పాసైన జనన మరణాల రిజిస్ట్రేషన్ సవరణ మీదే ఉంది. అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడికైనా, పాస్‌పోర్టుకైనా, ఓటుకైనా పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. అప్పటికే పుట్టేసిన మావాడికి మాత్రం మెమోనే గతి.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఐపీసీలో 420గా ఉన్న మోసం 318 అయింది. అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే కాబట్టి నా బల్ల మీద ఇప్పుడు రెండు పుస్తకాలు. చేయి అలవాటుగా ఇప్పటికీ 420 అనే కొడుతుంది.