అర మాత్ర, 10 కోట్ల ప్రాణాలు

మొన్న ఫిబ్రవరి 10న మా మేనత్తగారి ఊళ్లో అంగన్‌వాడీకి వెళ్లాను. ఆ రోజు నులిపురుగుల నివారణ దినం. రెండేళ్లు నిండని పిల్లలకు అర మాత్రే వేయాలి కనుక టీచరు ఆల్బెండజోల్ మాత్రను విరిచి, ఒక సగాన్ని రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, నీళ్లలో కలిపి, ఏడుస్తున్న పిల్లవాడికి ఒడుపుగా తాగించింది. రిజిస్టరులో వాడి పేరుకు టిక్కు పెట్టి, ఆ రోజు రాని ఇద్దరి పేర్లు వారం తరవాతి విడత కోసం వేరే రాసుకుంది.

దానం లెక్క చూసి చేయాలనే ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం ఉద్యమం మీద నాకు గౌరవం కలిగింది ఇలాంటి మాత్రల వల్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2009లో ఈ పంపిణీకి సాయపడిన డీవర్మ్ ద వరల్డ్ కార్యక్రమాన్ని తరవాతి కాలంలో, ఏ దాతృత్వ కార్యక్రమం ఎంత మేలు చేస్తుందో బేరీజు వేసి దాతలకు చెప్పే గివ్‌వెల్ సంస్థ సిఫారసు చేస్తే, దాతలు దానికి డబ్బు పంపారు. ఇచ్చే రూపాయి ఎక్కడ ఎక్కువ మేలు చేస్తుందో లెక్క కట్టి అక్కడే ఇవ్వాలన్నది ఈ ఉద్యమకారుల సూత్రం. అపాత్రదానం కూడదని మన పెద్దలు చెప్పినప్పుడు పుచ్చుకునేవాడి యోగ్యతను చూశారు; వీరు యోగ్యత ఊసు ఎత్తకుండా ఫలితాన్ని చూశారు. నాకు ఈ పద్ధతే నచ్చింది.

అయితే ఆ అర మాత్రలోనే తరవాతి చిక్కు కూడా ఉంది. నులిపురుగులు పోతే పిల్లలు పెద్దయ్యాక సంపాదన పెరుగుతుందన్న వాదన ముఖ్యంగా కెన్యాలో ఆర్థికవేత్తలు మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ మొదలుపెట్టిన పరిశోధన మీద ఆధారపడింది. దానిపై పండితులు గట్టిగానే తగాదాపడ్డారు. ఫలితం స్వల్పమే కావచ్చునని గివ్‌వెల్ కూడా ఒప్పుకుంది, కానీ మాత్ర ఖరీదు మరీ తక్కువ కనుక, నిజమయ్యే అవకాశం కొంతే ఉన్నా రాగల లాభంతో దాన్ని గుణిస్తే ఖర్చు గిట్టుబాటవుతుందని తేల్చింది. 2022 ఆగస్టులో మాత్రం, తగినంత నమ్మకం కుదిరినవాటినే ఉంచాలని నియమం మార్చుకుని, ఈ కార్యక్రమాలను తన అగ్రశ్రేణి జాబితా నుంచి తీసేసింది.

విచిత్రమేమిటంటే, ఆ నెలలోనే ఉద్యమ స్థాపకుల్లో ఒకరైన విలియం మెకాస్కిల్ ఇంకా పుట్టని తరాల మేలే మన కాలపు ప్రధాన కర్తవ్యాల్లో ఒకటని వాదిస్తూ రాసిన పుస్తకం పెద్ద ఆర్భాటంతో వెలువడింది. తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలి నేపథ్యంలో తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో ప్రచురించిన వ్యాసం దూరం బాధ్యతను తగ్గించదని చెప్పింది. ఆ మాటనే వీరు స్థలం నుంచి కాలానికి పొడిగించారు. పొడిగింపులో తర్కదోషం నాకు కనిపించదు, కానీ అంకెలు మాత్రం చేయి దాటిపోయాయి. పుట్టబోయే తరాలను కూడా కలుపుకుంటే, మానవజాతి అంతరించే ప్రమాదాన్ని ఒక శాతంలో 10 లక్షల్లో ఒక వంతు తగ్గించినా 10 కోట్ల ప్రాణాలు కాపాడినంత విలువ అని తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2013లో లెక్క కట్టాడు. గుణకారం అదే, కానీ పిల్లల కడుపులో పురుగులు తగ్గాయో లేదో మలపరీక్ష చేసి చూడవచ్చు. ప్రమాదం ఒక శాతంలో 10 లక్షల్లో ఒక వంతు తగ్గిందని ఏ పరీక్ష చెబుతుంది?

కొలవగలిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో కోతలకు ముందు పని దొరకని నెలలుంటాయి. ఆ నెలల్లో కూలీలు పట్నం వెళ్లి పని వెతుక్కోవడానికి బస్సు ఖర్చుకు సరిపడే చిన్న సొమ్ము ఇచ్చే కార్యక్రమం ఒకటి, 2008 నాటి ప్రయోగంలో మంచి ఫలితాలు చూపి, గివ్‌వెల్ జాబితాకు ఎక్కింది. పెద్ద ఎత్తున నడిపి 2017లో మళ్లీ కొలిచి చూస్తే వలసలు పెరగనే లేదు. నడుపుతున్న ఎవిడెన్స్ యాక్షన్ సంస్థ ఆ సంగతి బయటపెట్టి, 2019లో కార్యక్రమాన్ని మూసేసింది. సొంత పథకం పనిచేయలేదని చెప్పి దుకాణం కట్టేసుకున్న దాతృత్వ సంస్థలను నేను ఎక్కువగా చూడలేదు. బస్సెక్కినవాళ్లను లెక్కపెట్టడం సాధ్యమైంది కనుకనే ఆ నిజాయితీ కూడా సాధ్యమైంది.

ఈ ఉద్యమం మాట వస్తే అందరూ ముందుగా ఎత్తేది దీనికి పెద్ద దాతగా నిలిచిన క్రిప్టో వ్యాపారి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్ పేరు. 2022లో అతని క్రిప్టో ఎక్స్ఛేంజి ఎఫ్‌టీఎక్స్ కూలడం, 2024లో మోసం కేసులో అతనికి 25 ఏళ్ల శిక్ష పడడం చెప్పుకోదగినవే, కానీ మోసగాళ్లు ఏ గుంపులోనైనా దూరతారు కనుక ఆ ఒక్క కారణంతో నేను వీరిని తప్పుపట్టను. ఈ ఉద్యమ సంస్థ ఒకటి ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అబీ అనే పాత భవంతిని సమావేశాల కోసం కొనడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అక్కడ జరిగే చర్చల వల్ల సుదూర భవిష్యత్తుకు ఎంతో మేలు కలగవచ్చునని అనుకుంటే, ఆ గుణకారంలో ఏ భవంతి ఖరీదైనా చిన్నదే అవుతుంది.

మానవజాతికి ముప్పుల్లో ఒకటిగా వీరు చెప్పే కృత్రిమ మేధ వల్ల ప్రమాదం లేదని నేను అనను. మహమ్మారుల గురించి వీరు 2020కి ముందే హెచ్చరించిన మాట కూడా నిజమే. అందుకే ఆ పనులు మానుకోమని అడగడం లేదు. రంగపూర్‌లో ఏది కనిపిస్తే ఆపాలో తెలిసింది. అలాగే కృత్రిమ మేధ భద్రతకు ఇచ్చే ప్రతి విరాళానికి కూడా, అయిదేళ్ల తరవాత ఏది కనిపిస్తే దాన్ని దండగ అని ఒప్పుకుంటారో డబ్బు ఇచ్చే రోజునే రాసి ప్రకటించమని అడుగుతున్నాను. అలా రాయడం కుదరని ఖర్చుకు పరిశోధనో, నమ్మకమో, ముందుజాగ్రత్తో, ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు గాని, అంగన్‌వాడీ మాత్రతో ఒకే పట్టికలో నిలబెట్టి, దానికన్నా ఇన్ని రెట్లు మేలని మాత్రం చెప్పకూడదు.