బెంగళూరులో మైనస్ 40

నెల రోజులుగా కారుది ఒకటే గోల. పొద్దున బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. వేడెక్కిందంటే చాలు, పెట్రోల్ కంపు. ఆపితే మళ్లీ అంటుకోవడానికి నానా యాతన. మొన్న సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోతే వెనకాల మూడు భాషల్లో తిట్లు. తెలుగువి అర్థమైనందుకు అవే ఎక్కువ బాధపెట్టాయి.

2011 మోడల్, నాన్న అనంతపురంలో కొన్నది. "అమ్మేయ్‌రా" అంటారు గానీ, ఫోన్ చేస్తే మొదట అడిగేది దాని గురించే. గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, నాలుగు వేలు తీసుకున్నారు. పది రోజుల్లో కొత్త ప్లగ్గులూ మసిబారాయి.

ఈరోజు శనివారం. స్టీరింగ్ కింద బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోన్లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ చూస్తూ కూర్చున్నాను. 24, 40, 65... 78 దాకా ఎక్కి, టక్కున మైనస్ 40! మారతహళ్లిలో! రేడియేటర్ ఫ్యాన్ బోరుమంది. అప్పుడు వెలిగింది నాకు. ఆ టెంపరేచర్ కొలిచే సెన్సర్ సర్క్యూట్ తెగితే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, కనిపించే అంకె అదే. చలికి గడ్డకట్టుకుపోయామనుకుని పెట్రోల్ పోసేస్తోంది, ఎందుకైనా మంచిదని ఫ్యానూ తిప్పుతోంది. మా ఆఫీసులో ఇలాంటివాళ్లు ఇద్దరున్నారు.

సెన్సర్ కనెక్టర్ పీకి, దాని రెండు పిన్నులూ వైరు ముక్కతో కలిపితే అంకె 120 దాటేసింది. అంటే వైరింగ్ తప్పు కాదు, అనుమానం సెన్సర్ మీదే.

ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి (వేడి మీద విప్పితే కూలెంట్ మొహం మీదికే), 19 నంబరు స్పానర్‌తో సెన్సర్ విప్పాను. బొటనవేలంత ఇత్తడి ముక్క. స్టీలు గ్లాసులో నీళ్లు స్టవ్ మీద పెట్టి, దాని కొస ముంచి, మల్టీమీటర్ పట్టాను. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. మొదట 2.3 కిలో ఓమ్‌లు, గోరువెచ్చగా అయ్యాక 1.1, తర్వాత 0.5... గ్లాసు అడుగున సన్న బుడగలు కనిపించగానే 'ఓఎల్', అంటే మీటరు కొలవలేనంత. లోపల తెగింది. దించి చల్లారనిస్తే మళ్లీ బతికింది! మూడుసార్లు చేశాను. మూడోది కేవలం సరదాకి.

మెట్రోలో వెళ్లి, మెజెస్టిక్‌లో మారి, మార్కెట్ స్టేషన్లో దిగి, బండి పార్టులు దొరికే జేసీ రోడ్డుకి నడిచాను. కౌంటర్లో పాతది పెట్టి నాకొచ్చిన కన్నడలో మొదలుపెడితే, "ఏ సంవత్సరం బండన్నా?" అన్నాడు కుర్రాడు తెలుగులో. కొత్త సెన్సర్, వాషర్‌తో కలిపి 520.

బిగించడం పది నిమిషాల పని. హౌసింగ్ అల్యూమినియం కాబట్టి బలం చూపించలేదు. కూలెంట్ నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాను. అంకె 91 దగ్గర నిలబడింది. ఆపి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే స్టార్ట్.

నాన్నకి ఫోన్ చేశాను.

"అమ్మేసినావా?" అన్నారు కంగారుగా.

ఆ స్టీలు గ్లాసు ఇక వంటింట్లోకి రాకూడదని మా ఆవిడ తేల్చి చెప్పింది. ఇప్పుడది డిక్కీలో, స్పానర్ల పక్కన ఉంది.