ప్రాబబిలిటీకి తొలి పాఠ్యపుస్తకాన్ని ఎంచుకున్న తీరు: నా అనుభవం

మా కళాశాలకు స్వయంప్రతిపత్తి వచ్చిన సంవత్సరం, బి.ఎస్సీ. మొదటి సంవత్సరపు ప్రాబబిలిటీ (సంభావ్యత) పేపరుకు సిలబస్ రాసే బాధ్యతను, దానితోపాటు పాఠ్యపుస్తకాన్ని నిర్ణయించే బాధ్యతను నాకు అప్పగించారు. అంతవరకు మా విద్యార్థులు చదువుతున్నది పుస్తకం కాదు. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చిన నోట్సు, పరీక్షల ముందు జిరాక్స్ షాపులో దొరికే గైడు, అంతే. వాటిలో సూత్రాలన్నీ ఉండేవి. ఏ సూత్రం ఎందుకు వచ్చిందో, ఎక్కడ వాడకూడదో మాత్రం ఉండేది కాదు.

నేను మొదట చేసిన నిర్ణయం తప్పు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకు ఈ శాస్త్రంపై ప్రేమ కలిగించింది విలియం ఫెల్లర్ రాసిన ప్రాబబిలిటీ గ్రంథపు మొదటి సంపుటం. 1950లో తొలిసారి వెలువడి, 1968 నాటికి మూడో కూర్పు పొందిన ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది. నాకు నచ్చిన పుస్తకం నా విద్యార్థులకూ నచ్చుతుందని నమ్మి, వేరే ఆలోచన లేకుండా దాన్నే పాఠ్యగ్రంథంగా రాసేశాను. ఆరు వారాలు గడిచేసరికి తరగతిలో ఎవరూ పుస్తకం తెరవడం లేదని తెలిసింది. అందులో షరతుతో కూడిన సంభావ్యత, అంటే ఒక ఘటన జరిగిందని తెలిశాక మరో ఘటనకు ఉండే సంభావ్యత, అయిదో అధ్యాయంలో గాని రాదు. యాదృచ్ఛిక చలరాశి (ప్రయోగ ఫలితాన్ని బట్టి విలువ మారే రాశి) తొమ్మిదో అధ్యాయం దాకా రాదు. పైగా ఆ సంపుటం విచ్ఛిన్న శాంపిల్ ఆవరణలకే (పర్యవసానాలను ఒకటొకటిగా లెక్కపెట్టగలిగే సందర్భాలకే) పరిమితం కాగా, మా సిలబస్‌లో రెండో యూనిట్ నుంచే అవిచ్ఛిన్న విభాజనాలు (ఒక అంతరంలోని ఏ విలువైనా రాగల సందర్భాలు) మొదలవుతాయి. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన అమ్మాయి ఒకరు నా దగ్గరకు వచ్చి, "సార్, ఒక్కో పేజీకి రెండు రోజులు పడుతోంది. తప్పు నాదా, పుస్తకానిదా?" అని అడిగింది. తప్పు ఆ అమ్మాయిదీ కాదు, పుస్తకానిదీ కాదు. ఎవరు చదవాలన్నది ఆలోచించకుండా ఎంచుకున్న నాది.

ఆ సెమిస్టర్ ముగిశాక, పుస్తకాల సంగతి పక్కనబెట్టి, మా విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో ముందు తెలుసుకోవాలనుకున్నాను. జోసెఫ్ బెర్‌ట్రాండ్ 1889లో ప్రచురించిన ఒక చిన్న సమస్యను తరగతిలో ఇచ్చాను. మూడు పెట్టెలున్నాయి. ఒకదానిలో రెండు బంగారు నాణేలు, ఇంకొకదానిలో రెండు వెండి నాణేలు, మూడోదానిలో బంగారం ఒకటి, వెండి ఒకటి. చూడకుండా ఒక పెట్టెను ఎంచుకుని అందులోంచి ఒక నాణెం తీస్తే అది బంగారు నాణెం అయింది. అదే పెట్టెలో మిగిలిన నాణెం కూడా బంగారమే కావడానికి సంభావ్యత ఎంత? దాదాపు అందరూ సగం అన్నారు. వెండి పెట్టె పోయింది కాబట్టి మిగిలినవి రెండే పెట్టెలు, అందువల్ల సగమని వారి వాదన. సరైన జవాబు 2/3. చేతికి వచ్చిన బంగారు నాణెం మొత్తం మూడు బంగారు నాణేల్లో ఏదైనా కావచ్చు. ఆ మూడింటిలో రెండు, రెండూ బంగారమే ఉన్న పెట్టెలోవి.

పొరపాటు కూడిక గుణకారాల్లో లేదు, "మిగిలినవన్నీ సమసంభవాలే (సమాన అవకాశం ఉన్నవే)" అన్న అలవాటులో ఉంది. ఈ అలవాటు ఎక్కడిదో వెతకడానికి నాకు ఎక్కువ సమయం పట్టలేదు. మా పిల్లలు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం గణితం 2ఏ పుస్తకంలో ప్రస్తారాలు, సంయోగాలు (వస్తువులను ఎన్ని విధాలుగా అమర్చవచ్చో, ఎంచుకోవచ్చో లెక్కించడం) చదివిన తరువాతే సంభావ్యతకు వస్తారు. అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించడమే సంభావ్యత అన్న భావన వారిలో అప్పటికే గట్టిపడి ఉంటుంది. కనుక నేను వెతకవలసిన పుస్తకం ఆ భావనను మరింత గట్టిపరచేది కాకూడదు; దాన్ని సడలించి, షరతు వచ్చినప్పుడు బరువులు ఎలా మారతాయో చూపించేది కావాలి. మిగతా గుణాలన్నీ దీని తరువాతే అని నిర్ణయించుకున్నాను.

వేసవి సెలవుల్లో గ్రంథాలయం నుంచి కొన్నింటిని, మా శాఖాధిపతి గారి బీరువా నుంచి కొన్నింటిని తెచ్చుకుని, ఉచితంగా దొరికేవాటిని ముద్రించుకుని, అన్నింటినీ భోజనాల బల్ల మీద పక్కపక్కనే పరిచాను. ముందుమాటలు చదవలేదు. ప్రతి పుస్తకంలోనూ మూడు చోట్లే చూశాను: లెక్కింపు పద్ధతులు ఏ స్థానంలో వచ్చాయి, షరతుతో కూడిన సంభావ్యతను ఎలా పరిచయం చేశారు, అవిచ్ఛిన్న చలరాశి సాంద్రతా ప్రమేయం (దాని వక్రరేఖ కింది వైశాల్యమే సంభావ్యత) దగ్గర విద్యార్థిని ఏమని హెచ్చరించారు.

షెల్డన్ రాస్ పుస్తకం ప్రస్తారాలు, సంయోగాలతోనే మొదలై, మూడో అధ్యాయంలో షరతుకు వస్తుంది. అభ్యాసాల విషయంలో దానికి సాటి రాగలది నా బల్ల మీద మరొకటి లేదు. లెక్కలు ఒకచోట, సిద్ధాంతపరమైన అభ్యాసాలు ఇంకొకచోట, విద్యార్థి తనను తాను పరీక్షించుకోవడానికి పరిష్కారాలతో కూడిన సమస్యలు వేరొకచోట ఉంటాయి. కానీ మొదటి అధ్యాయమే నా విద్యార్థుల పాత అలవాటుకు బలం ఇస్తుందని నా భయం. గుప్తా–కపూర్ పుస్తకం మన ప్రాంతపు స్టాటిస్టిక్స్ విద్యార్థులందరికీ తెలిసినదే. అందులో ప్రాబబిలిటీ ఒక భాగం మాత్రమే. పరీక్షకు సిద్ధం కావడానికి అది గొప్ప తోడు అనడంలో నాకు సందేహం లేదు గాని, మొదటిసారి చదివేవారికి ఆలోచించే పద్ధతిని నేర్పడం దాని ముఖ్యోద్దేశం కాదు. గ్రిన్‌స్టెడ్, స్నెల్ రాసినది ఎవరైనా ఉచితంగా దించుకోగలిగేది. అందులో మొదటి అధ్యాయం నుంచే కంప్యూటర్ మీద ప్రయోగాలు చేయించే తీరు నాకు ఎంతో నచ్చింది, కానీ మా ల్యాబ్‌లో మొదటి సంవత్సరం వారికి కేటాయించిన గంటలు దానికి సరిపోవు.

చివరకు రెండు పుస్తకాలు మిగిలాయి. ఒకటి ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పిన బెర్ట్‌సెకాస్, త్సిత్సిక్లిస్ కలిసి రాసినది. వారు మొదటి అధ్యాయంలోనే షరతును, మొత్తం సంభావ్యత సిద్ధాంతాన్ని, బేయీ సిద్ధాంతాన్ని (ఫలితం తెలిశాక కారణాల సంభావ్యతను సవరించే సూత్రాన్ని), స్వతంత్రతను (ఒక ఘటన మరోదాని సంభావ్యతను మార్చకపోవడాన్ని) చెప్పి, లెక్కింపును ఆ అధ్యాయం చివరి భాగానికి నెట్టారు. ఆ ఒక్క క్రమం చూసి నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచనలో పడ్డాను. నేను ఏళ్లుగా తలకిందులుగా చెబుతున్నానన్నమాట. వాక్యాలు కూడా పొట్టిగా, తేటగా ఉంటాయి. రెండోది హార్వర్డ్‌లో చెప్పిన పాఠాల నుంచి బ్లిట్జ్‌స్టీన్, హ్వాంగ్ రూపొందించినది. 2014లో తొలి కూర్పు, 2019లో రెండో కూర్పు వచ్చాయి. ఇది లెక్కింపును మొదటి అధ్యాయంలోనే ఉంచుతుంది, కానీ అంతకు ముందే శాంపిల్ ఆవరణను గులకరాళ్ల కుప్పగా చూపిస్తుంది. ఒక్కో రాయి ఒక్కో పర్యవసానం. రాళ్లన్నీ ఒకే బరువు కానక్కరలేదు, మొత్తం బరువు మాత్రం ఒకటి. ఒక ఘటన జరిగిందని తెలిస్తే, ఆ ఘటనకు బయట ఉన్న రాళ్లను తీసివేసి, మిగిలిన వాటి బరువు మళ్లీ ఒకటి అయ్యేలా సవరించడమే షరతు. నా విద్యార్థులకు కావలసిన మందు సరిగ్గా ఇదే అని నాకు అనిపించింది.

అయినా ఈసారి నా అభిప్రాయం మీదే ఆధారపడదలచుకోలేదు. సెలవుల్లోనూ హాస్టల్‌లో ఉన్న అయిదుగురు రెండో సంవత్సరం విద్యార్థులను అడిగి, ఈ రెండింటితోపాటు రాస్ పుస్తకంలోంచి కూడా షరతుతో కూడిన సంభావ్యత ఉన్న పేజీలు ఇచ్చాను. నేనేమీ వివరించలేదు. చదివిన మర్నాడు ప్రతి ఒక్కరూ ఆ పేజీల్లోని విషయాన్ని తెలుగులో నాకు చెప్పాలి, ఆ తరువాత ఒక సమస్య చేయాలి. సమస్య ఇది: వందమందిలో ఒకరికి ఒక వ్యాధి ఉంది, పరీక్ష రోగులలోనూ ఆరోగ్యవంతులలోనూ నూటికి 95 సార్లు సరైన ఫలితం ఇస్తుంది, పాజిటివ్ వచ్చిన వ్యక్తికి నిజంగా వ్యాధి ఉండే సంభావ్యత ఎంత? పదివేల మందిని తీసుకుంటే వందమంది రోగులలో 95 మందికి, 9,900 మంది ఆరోగ్యవంతులలో 495 మందికి పాజిటివ్ వస్తుంది. 590 మందిలో 95 మంది, అంటే దాదాపు 0.16.

ఆ రెండు రోజులు నేను నేర్చుకున్నది ఏ సమీక్షలోనూ దొరికేది కాదు. రాస్ పేజీలు చదివినవారు సూత్రాన్ని తప్పు లేకుండా చెప్పగలిగారు, లెక్క కూడా చేశారు. జవాబు ఇంత చిన్నది ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం మాట తడబడింది. గులకరాళ్ల పేజీలు చదివిన అబ్బాయి సూత్రం రాయకుండానే, "ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కుప్ప చాలా పెద్దది సార్, అందులో కొంచెం తప్పు పడినా రోగుల కుప్పను మించిపోతుంది" అన్నాడు. అదే పుస్తకంతో ఇంకో ఇబ్బందీ బయటపడింది. దాని ఆంగ్లం కబుర్లు చెప్పినట్లు సాగుతుంది, మాటల చమత్కారాలు ఎక్కువ. ఆ చమత్కారాలే తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారిని ఎక్కువసేపు ఆపాయి. బెర్ట్‌సెకాస్–త్సిత్సిక్లిస్ పేజీల దగ్గర అటువంటి ఆటంకం కలగలేదు. ఇంకొక విషయం నేను ఊహించనిది. పేకముక్కల మీద ఉన్న లెక్క దగ్గర ముగ్గురు అమ్మాయిలు ఆగిపోయారు. వారు ఎన్నడూ పేక పట్టుకోలేదు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అనే నాలుగు రంగులున్నాయని, ఒక్కో రంగులో 13 ముక్కలుంటాయని వారికి ఎవరూ చెప్పలేదు. ప్రపంచంలోని ప్రాబబిలిటీ పుస్తకాలన్నీ విద్యార్థికి పేకాట తెలుసని అనుకుంటాయి. అప్పటి నుంచి మొదటి వారంలోనే ఒక పేకను తరగతికి తీసుకువెళ్లి, బల్లల మీద పరచి చూపిస్తున్నాను.

సాంద్రతా ప్రమేయం విషయంలో రెండు పుస్తకాలూ నన్ను సంతృప్తిపరచాయి. సాంద్రత అంటే సంభావ్యత కాదనీ, అది ఒకటిని మించవచ్చుననీ రెండూ స్పష్టంగా చెబుతాయి. సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న అంతరంలో, సున్నాను సమీపిస్తున్న కొద్దీ హద్దు లేకుండా పెరుగుతూ, అయినా వైశాల్యం ఒకటిగానే ఉండే సాంద్రతను బెర్ట్‌సెకాస్–త్సిత్సిక్లిస్ ఉదాహరణగా ఇస్తారు. మా పాత నోట్సులో ఈ హెచ్చరిక ఎక్కడా లేదు.

మనసు బెర్ట్‌సెకాస్–త్సిత్సిక్లిస్ వైపే మొగ్గింది. అయితే నలభై మంది విద్యార్థులు, వారిలో చాలామంది స్కాలర్‌షిప్ మీద చదివేవారు, విదేశాల్లో ముద్రించిన పుస్తకం కొనాలని చెప్పడానికి నాకు మనస్కరించలేదు. బ్లిట్జ్‌స్టీన్–హ్వాంగ్ రెండో కూర్పును రచయితలే అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవడానికి వీలు కల్పించారు. గుర్తు పెట్టిన అభ్యాసాలకు పూర్తి పరిష్కారాలూ ఉచితమే, పాఠాల వీడియోలూ ఉన్నాయి. సిలబస్ కమిటీ సమావేశంలో, పరిసర కళాశాలలు వాడే పుస్తకమే మనమూ వాడితే ప్రశ్నపత్రం కూర్చేవారికి సులువని ఒక సభ్యులు అభ్యంతరం చెప్పారు. అది తీసివేయదగిన మాట కాదు. అందుకే సిలబస్‌లో ప్రతి అంశం పక్కన పుస్తకంలోని విభాగం సంఖ్యను రాసి ఇచ్చాను. దాంతో ఒప్పుకున్నారు.

ప్రధాన గ్రంథం బ్లిట్జ్‌స్టీన్–హ్వాంగ్ అయింది, కానీ క్రమం బెర్ట్‌సెకాస్–త్సిత్సిక్లిస్‌ది. మొదటి అధ్యాయంలో గులకరాళ్లు, సమసంభవ నిర్వచనం, వెంటనే సాధారణ నిర్వచనం. లెక్కింపును వదిలిపెట్టి నేరుగా రెండో అధ్యాయంలోని షరతు. ఆ తరువాత వెనక్కి వచ్చి లెక్కింపు. ఒక్కో యూనిట్‌కు రెండు పేజీల తెలుగు వివరణ నేనే రాశాను. అందులో ఆంగ్ల చమత్కారాల భావం, తెలుగు అకాడమీ పుస్తకాల్లో వారు చదివిన పదాలు, వాటికి సమానమైన ఆంగ్ల పదాలు ఉంటాయి. పరస్పర వివర్జిత (ఒకేసారి జరగలేని) ఘటనలకూ స్వతంత్ర ఘటనలకూ ఉన్న తేడాకే ఒక పేజీ పట్టింది. రాస్ పుస్తకం ప్రతులు నాలుగు గ్రంథాలయానికి తెప్పించి, వారం వారం ఇచ్చే అభ్యాసాలు దాని నుంచి తీసుకున్నాను.

ఫెల్లర్‌ను వదులుకోలేదు. పాయిజాన్ విభాజనం (అరుదైన ఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో చెప్పే విభాజనం) పూర్తయిన రోజు, రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ లండన్‌పై పడిన ఎగిరే బాంబుల పట్టికను ఆ పుస్తకం నుంచి బోర్డు మీద రాస్తాను. ఆ ప్రాంతాన్ని 576 సమాన గడులుగా విభజించారు, పడిన బాంబులు 537. సగటున ఒక గడికి 0.93 బాంబు. ఒక్క బాంబూ పడని గడులు ఎన్ని ఉండాలో పాయిజాన్ సూత్రంతో లెక్కకట్టమంటే విద్యార్థులు 227కు కొంచెం తక్కువగా వస్తుందని చెబుతారు. అప్పుడు అసలు సంఖ్యను రాస్తాను: 229. మొదటి సంవత్సరం వారికి ఆ పుస్తకంలో అందవలసింది ప్రస్తుతానికి ఆ ఒక్క పేజీ.

ఈ క్రమంలో మొదటిసారి పాఠం చెప్పిన సెమిస్టర్‌లో, బెర్‌ట్రాండ్ పెట్టెల సమస్యను నాలుగో వారంలో మళ్లీ ఇచ్చాను. ఇంకా సగం అన్నవారు కొందరున్నారు. కానీ ఈసారి వారికి జవాబు చెప్పింది నేను కాదు. వెనుక బెంచీలోని ఒక అమ్మాయి లేచి వచ్చి, బోర్డు మీద ఆరు గులకరాళ్లు గీసి, మూడు వెండి రాళ్లను చెరిపేసి, మిగిలిన మూడింటిలో రెండింటి చుట్టూ గీత గీసింది.