ఐఫోన్‌లో చీర కనిపించేదాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం బ్యాలెన్స్ డబ్బులు అకౌంట్లో పడ్డాయి. మూడు వారాలుగా కంటినిండా నిద్ర లేదు. వేడి తగ్గకముందే రాసేస్తున్నాను, నాలాగా సొంతంగా వెబ్‌సైట్లు చేసుకుని బతికేవాళ్ళకి పనికొస్తుందని.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చీరల షాపు. మంగళగిరి చీరలకి సైటు కావాలన్నారు. మామూలు ఫొటోల సైటు కాదు. కొంగు నుంచి చివరి చెంగు దాకా చీర పరిచినట్టు కనబడాలి, వేలితో జరుపుకుంటూ పోవాలి, దగ్గరికి లాగితే జరీ అంచులో పోగులు తెలియాలి, అంచు రంగు మార్చి చూసుకునే వీలుండాలి. డొమైన్, హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే అన్నీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. చీరని వరసగా ఫొటోలు తీసి, అతికించి, 9,600 బై 2,000 పిక్సెళ్ళ బొమ్మ చేశాను. రంగు మార్చాలి కాబట్టి దాన్ని కాన్వాస్ మీద, అంటే పేజీలో కోడ్‌తో బొమ్మ గీసే చోట, గీయించాను. నా ల్యాప్‌టాప్‌లో, ఇంట్లో అందరి ఆండ్రాయిడ్ ఫోన్లలో చూశాను. చక్కగా వచ్చింది.

డెమో రోజు షాపులో తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఓనరు గారి పక్కనే కూర్చోబెట్టారు. కాఫీ తెప్పించారు. ఆయన తన ఐఫోన్ తీసి, అందులో యాపిల్ వాళ్ళ సొంత బ్రౌజర్ సఫారీలో లింకు నొక్కారు. షాపు పేరు వచ్చింది, ధర వచ్చింది, చీర ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. మళ్ళీ నొక్కారు. మళ్ళీ తెలుపే.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. "సఫారీలో అలాగే ఉంటుందండీ, క్రోమ్ వేసుకుని చూడండి, వస్తుంది" అన్నాను, గట్టిగా, నలుగురూ వినేలా. ఆయన ఓపిగ్గా క్రోమ్ దించుకున్నారు. పక్కన చీరలు మడతపెడుతున్న కుర్రాళ్ళు కూడా చేతులు ఆపి చూస్తున్నారు. క్రోమ్ తెరుచుకుంది. అదే తెలుపు.

"బాబూ, మాకు ఆర్డర్లు ఇచ్చేది డల్లాస్, న్యూజెర్సీలో ఉన్న మన ఆడపిల్లలు. వాళ్ళ చేతుల్లో ఉండేవి ఈ ఫోన్లే. ఇందులో రాని సైటు మాకెందుకు?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఒక కుర్రాడు నా ఎదుటే నా కాఫీ గ్లాసు తీసుకుపోయాడు, అందులో సగం కాఫీ ఇంకా ఉంది.

తప్పు నాదే. ఐఫోన్ మీద చూడకుండా డెమోకి వెళ్ళకూడదు. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉండి, క్రోమ్ గురించి అంత మాట అనకూడదు. ఐఫోన్‌లో క్రోమ్ అన్నా ఫైర్‌ఫాక్స్ అన్నా పైన బోర్డు మాత్రమే వేరు, లోపల పేజీని చదివి తెర మీద చూపించే ఇంజన్ యాపిల్ వాళ్ళ వెబ్‌కిట్టే. వేరే ఇంజన్ పెట్టుకునే వెసులుబాటు 2024 మార్చిలో ఐఫోన్ సిస్టమ్ ఐఓఎస్ 17.4తో యూరోపియన్ యూనియన్ దేశాలకి వచ్చింది, అదీ అక్కడి చట్టం వల్ల. మనకి లేదు. అంటే సఫారీలో రానిది మన ఐఫోన్లలో ఏ బ్రౌజర్లోనూ రాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, ఆ పరుపు మీద నా పరువు పోయేది కాదు.

సరే, ఎందుకు రాలేదో తెలియాలి కదా. ఐఫోన్‌లోని పేజీలో ఏ తప్పు జరిగిందో చూపించే సఫారీ పనిముట్టు యాపిల్ కంప్యూటర్ మ్యాక్‌లో ఉంటుంది. నాది విండోస్ ల్యాప్‌టాప్. అద్దెకి అడిగితే ఒకాయన డిపాజిట్ అన్నాడు, ఆధార్ అన్నాడు, చివరికి ఆదివారం రమ్మని షాపు మూసేశాడు. ఆఖరికి బెంగళూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు మ్యాక్‌తో గుంటూరు వస్తే, రాత్రి పదింటికి బ్రాడీపేటలో వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. "అన్నయ్యా, పది నిమిషాలు" అన్నాను. కేబుల్ పెట్టగానే ఒక్క పసుపు లైను కనబడింది: కాన్వాస్ వైశాల్యం పరిమితి దాటింది, పరిమితి 16777216.

అంటే 4,096 బై 4,096. మన లెక్కలో 1,67,77,216 పిక్సెళ్ళు. నా చీర 1,92,00,000. ఇరవై నాలుగు లక్షల చిల్లర ఎక్కువైనందుకు కొంచెం తగ్గించి చూపించడం కాదు, అసలు గీయనే లేదు. పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున ఆ పరిమితికే 64 ఎంబీ మెమరీ పోతుంది, ఫోన్‌కి అది భారమే, ఒప్పుకుంటాను. కానీ తెల్లతెర చూపించి, కారణం మాత్రం మ్యాక్ ఉన్నవాడికే కనబడేలా ఉంచడం నాకు మింగుడు పడదు.

ఆ కాన్వాస్‌ని పుట్టించిందే యాపిల్. 2004లో మ్యాక్‌లో చిన్న చిన్న యాప్‌లు ఉండే డ్యాష్‌బోర్డ్ కోసం తెచ్చారు, తర్వాత మిగతా బ్రౌజర్లు అందుకున్నాయి, చివరికి అందరి ప్రమాణం అయింది. అది లేకపోతే నాకు ఈ బతుకుతెరువే లేదు, ఆ రుణం ఉంది. వాళ్ళ "వద్దు" ఎంత బలమైందో కూడా నాకు తెలుసు. 2009లో బ్రాడీపేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు వేలు కట్టి, వెబ్ పేజీల్లో యానిమేషన్లు చేసే ఫ్లాష్ నేర్చుకున్నాను. 2010 ఏప్రిల్‌లో అప్పటి యాపిల్ సీఈఓ స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లో ఫ్లాష్ ఎందుకు పెట్టనిచ్చేది లేదో బహిరంగ లేఖ రాశాడు. ఆ తర్వాత రెండేళ్ళు కూడా ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పిల్లల దగ్గర ఫ్లాష్ పేరు చెప్పి ఫీజులు కట్టించుకున్నారు. ఒక్కళ్ళకీ చెప్పలేదు. పిల్లల్ని కోర్సులో చేర్పించే తల్లిదండ్రులు ఇది చదివితే, నేర్పేవాడిని ముందు "ఇది ఐఫోన్‌లో నడుస్తుందా" అని అడగండి.

చీర కట్టిన బొమ్మని మూడు వైపులా తిప్పి చూపించే భాగం, బ్రౌజర్ ఫోన్ గ్రాఫిక్స్ చిప్‌ని వాడుకునే కొత్త పద్ధతి వెబ్‌జీపీయూతో చేద్దామనుకున్నాను. దాన్ని 2017లో ప్రతిపాదించిందీ యాపిలే. క్రోమ్ 2023లో ఇచ్చేసింది, సఫారీలో అందరికీ వచ్చేసరికి 2025 సెప్టెంబర్, వెర్షన్ 26. పాత ఐఓఎస్‌తో నడిచే ఫోన్లు ఇంకా ఎన్నో చేతుల్లో ఉన్నాయి. అందుకని అది వదిలేసి, అలాంటి పనికే ఉన్న పాత పద్ధతి వెబ్‌జీఎల్ 2తో చేశాను. అదీ సఫారీకి 2021లో గాని రాలేదు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకి 2017లోనే వచ్చింది.

చీరని అయిదు ముక్కలు చేశాను, ఒక్కోటి 1,920 బై 2,000. తెర మీద కనబడే ముక్కలే గీస్తుంది, పక్కకి జరిగిన కాన్వాస్ వెడల్పు సున్నా చేస్తే మెమరీ వదులుతుంది. రెండోసారి షాపుకి వెళ్ళే ముందు ఫోన్ చేసి, ముందు గుమాస్తా గారికి చూపించాను. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్న మనిషి. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని జూమ్ చేసి, అంచు మీద గోరు పెట్టి, "ఇక్కడ గీత ఉంది నాయనా. చూసేవాళ్ళు నేత తప్పు అనుకుంటారు" అన్నాడు. రెండు ముక్కలు కలిసే చోట వెంట్రుకవాసి తెల్లగీత. నాకు కనబడనే లేదు. ముక్కలు రెండేసి పిక్సెళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా మళ్ళీ కోశాను. ఇప్పుడు ఎంత జూమ్ చేసినా అతుకు దొరకదు. ఇంత శుభ్రంగా చేసినవాళ్ళు ఈ రెండు ఊళ్ళలో ఇంకొకరు ఉంటే నాకు చూపించండి.

మొన్న ఓనరు గారు డల్లాస్‌లో ఉన్న వాళ్ళమ్మాయికి వీడియో కాల్ చేసి లింకు పంపారు. అవతల ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, వేలు కదులుతున్నట్టు మాత్రం తెలిసింది. తర్వాత "నాన్నా, ఈ నెమలికంఠం రంగుది ఉంచేయండి, ఎవరికీ ఇవ్వద్దు" అంది. ఆయన నా వైపు తిరిగి కాఫీ తెమ్మన్నారు.

ఆలస్యమైందని బ్యాలెన్స్‌లో మూడు వేలు కోశారు. రాతపూర్వకంగా గడువు ఒప్పుకున్నది నేనే కాబట్టి వాదించలేదు. మిగిలిన దాంట్లోంచి ఈ ఉదయం గవర్నర్‌పేటలో ఒక సెకండ్ హ్యాండ్ మ్యాక్ మినీకి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.