కూరింది ఊడిపోకుండా: ఇంట్లో యోంగ్ టౌ ఫూ వండిన అనుభవం

హక్కా అనగానే మనవాళ్లకు నూడుల్సే గుర్తొస్తాయి. నిజానికి అది చైనీయుల్లో ఒక తెగ పేరు. కోల్‌కతా టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నడిపిన చైనీయుల్లో ఎక్కువమంది హక్కాలే. మేముండే కౌలాలంపూర్‌కి హక్కాలు 19వ శతాబ్దంలో తగరం గనుల పనికి వచ్చారు. ఊరు నిలదొక్కుకోవడానికి కారకుడని చెప్పుకునే కాపితాన్ (చైనీయుల పెద్ద) యాప్ ఆ లాయ్ కూడా హక్కాయే. ఆ గనుల చోటే అంపాంగ్. ఇప్పుడు అక్కడ యోంగ్ టౌ ఫూ, అంటే కూరిన టోఫు (సోయా పాల పనీర్) హోటళ్లకు మంచి పేరు.

హోటళ్లలో ఎక్కువగా చేపముద్ద కూరి పెడతారు. టోఫులోనే కాదు, బెండకాయ, వంకాయ, పచ్చిమిర్చి, దేనిలోనైనా సరే. నేను నేర్చుకోవాలనుకున్నది మాత్రం పాత పద్ధతిది, పంది మాంసం ఖీమాలో కాస్త ఉప్పుచేప కలిపి టోఫులో కూరేది. మా పై అంతస్తులో ఉండే హక్కా ఆంటీ ఇంట్లో పండగలకు అదే వండుతారు. ఉత్తర చైనా నుంచి దక్షిణానికి వలస వచ్చిన తమ పూర్వీకులకు గోధుమపిండి దొరక్క, డంప్లింగ్స్‌లో పెట్టే మాంసాన్ని టోఫులో పెట్టుకున్నారని ఆవిడ చెప్పారు. హక్కా ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది.

గుత్తివంకాయ చేసే చేతులకు కూరడం కొత్త కాదు. కానీ వంకాయ మసాలాని పట్టుకుని ఉంటుంది, టోఫు పట్టుకోదు. నా టెన్షనంతా అదే. అందుకే ఆంటీని దగ్గర కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను.

టోఫు మరీ మెత్తనిది పనికిరాదు, విరిగిపోతుంది. మరీ గట్టిదైతే పులుసు పీల్చుకోదు. మధ్యరకం తెచ్చి, ఉప్పు వేసిన వేడినీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచాను. అలా చేస్తే లోపలి నీరు కొంత బయటికొచ్చి ముక్క గట్టిపడుతుంది. గుడ్డ మీద ఆరబెట్టి, త్రికోణాలుగా కోసి, పొడవాటి అంచున గాటు పెట్టి చెంచాతో కొంచెం తవ్వాను. తవ్విన తురుము ఖీమాలోకే పోయింది.

పావుకిలో ఖీమాలో మూడో వంతు కొవ్వు ఉండాలన్నారు ఆంటీ. లేకపోతే ఉడికాక బిరుసెక్కుతుంది. వేయించి నలిపిన చిన్న ఉప్పుచేప ముక్క, నానబెట్టి తరిగిన షీటాకే పుట్టగొడుగులు, ఉల్లికాడలు, తెల్ల మిరియాల పొడి, చెంచాడు కార్న్‌ఫ్లోర్ వేశాం. చేపలో ఉప్పు ఎలాగూ ఉంటుంది కాబట్టి విడిగా చిటికెడు చాలు.

అసలు పని ఇక్కడుంది. ఖీమాని ఒకే వైపు తిప్పుతూ చెంచా చెంచాగా చల్లటి నీళ్లు పోయాలి. తర్వాత ముద్దనంతా చేత్తో ఎత్తి గిన్నెకేసి కొట్టాలి. మొదట్లో రవ్వలా విడివిడిగా ఉన్న మాంసం కాసేపటికి రంగు పాలిపోయి, వేళ్లకు సన్నని దారాల్లా సాగడం మొదలైంది. గిన్నె అంచులకేమీ అంటుకోకుండా ముద్దంతా ఒక్కటై చేతికొచ్చింది. ఉప్పు మాంసంలోని ప్రోటీన్‌ని బయటికి లాగి జిగురు చేస్తుంది, ఆ జిగురే టోఫుని పట్టుకుంటుంది. ఈ మెట్టు దగ్గర బద్ధకిస్తే మిగతా కష్టమంతా వృథా.

టోఫు గాట్లలో వేలితో కార్న్‌ఫ్లోర్ పూసి, ముద్దని కొంచెం పైకి ఉబ్బేలా కూరాను. మాంసం ఉన్న వైపే ముందు నూనెలో పెట్టాలి. కిందది ఎర్రబడి దానంతటదే పెనాన్ని వదిలేదాకా ఆంటీ నన్ను గరిటె ముట్టుకోనివ్వలేదు. తర్వాత మిగతా వైపులు వేయించాం.

పులుసు తేలిక. వెల్లుల్లి, తౌచు అనే పులియబెట్టిన సోయా గింజల ముద్ద, ఆయిస్టర్ సాస్, పుట్టగొడుగులు నానిన నీళ్లు. అందులో టోఫు ముక్కలు పేర్చి, మూతపెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచి, చివర్లో కార్న్‌ఫ్లోర్ నీళ్లతో చిక్కబరిచాం. ఒక్క ముక్క కూడా విడిపోలేదు! వేడి అన్నంలో ఆ పులుసు పోసుకుని తింటే, ఉప్పుచేప రుచి ఎక్కడో అడుగున తగులుతూ ఉంటుంది. కోస్తావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మిగిలిన ముద్దని కాకరకాయ చక్రాల్లో కూరి అదే పులుసులో ఉడికించాను. నాకైతే టోఫు కంటే అదే ఎక్కువ నచ్చింది. ఆంటీ ఒప్పుకోలేదు, టోఫుదే అసలు వంట అంటారు.