తూటా, బంతి, మధ్యలో బ్యాటింగ్ ప్యాడ్

బెంగళూరులో మారతహళ్ళి వైపు క్రికెట్ నెట్స్‌లో కొత్త ప్యాడ్లు కట్టినవాణ్ణి చూసి "తూటా తగిలినా ఏం కాదు బావా" అనడం మామూలే. లెక్క వేస్తే ఆ మాట సగం నిజంలాగే కనిపిస్తుంది. 160 గ్రాముల బంతి గంటకు 150 కి.మీ. వేగంతో వస్తే దాని శక్తి సుమారు 139 జౌల్స్. పాయింట్ టూ టూ (.22 అనే చిన్న సైజు) తూటా 2.6 గ్రాములు, సెకనుకు 330 మీటర్లు అనుకుంటే సుమారు 142 జౌల్స్. దాదాపు సరికి సరి! కానీ బంతి దెబ్బ ప్యాడ్ మీద అరచేయంత మేర పరుచుకుంటుంది, తూటా దెబ్బంతా పావు చదరపు సెంటీమీటరులోనే. చరచడానికీ సూదితో పొడవడానికీ ఉన్న తేడా అది.

దీన్ని చూడటానికి తుపాకీ అక్కర్లేదు, లైసెన్సున్నా అపార్ట్‌మెంట్ వెనక పేల్చితే కేసే. పైనుంచి పడే బరువు చాలు. 2 మీటర్ల నాలుగంగుళాల పీవీసీ పైపును గోడకు నిలువుగా బిగించండి. మూడంగుళాల పైపు ముక్కలు రెండు, ఒక్కోటి 20 సెం.మీ., కాంక్రీటు పోసి తూకం వేసి సరిగ్గా 2 కిలోలకు తెచ్చుకోండి. తూటాకు బదులు ఒకదాని అడుగున 6 మి.మీ. ఇనుప ఊచ 8 సెం.మీ. బయటికి రావాలి. రెండోదానికి సగానికి కోసిన పాత లెదర్ బాల్. పైపుకు అడ్డంగా మేకు పెట్టి బరువును దానిమీద నిలిపి, ఆ మేకును దూరం నుంచి తాడుతో లాగి వదలాలి. కొన నుంచి ప్యాడ్‌కు ఒకటిన్నర మీటరుంటే 29 జౌల్స్ వస్తాయి.

ప్యాడ్ కింద 10 సెం.మీ. మందాన కుమ్మరి మట్టి పరవాలి. కుమ్మర్లుండే పాటరీ టౌన్‌లో అడగండి, చవితి ముందు మాత్రం వాళ్ళకు తీరిక ఉండదు. తంటా అంతా ఈ మట్టితోనే. ఆరేకొద్దీ దెబ్బకు మట్టిలో పడే గుంట లోతు తగ్గుతుంది, ప్యాడ్ బాగా ఆపిందని మనం మురిసిపోతాం. అందుకే ప్రతిసారీ ముందు ఉత్త మట్టి మీద బంతి ముక్క ఉన్న బరువు వదిలి లోతు కొలవాలి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లను పరీక్షించే అమెరికా ఎన్ఐజే (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్) ప్రమాణంలోనూ ఇదే పద్ధతి: కిలో పైచిలుకు ఉక్కు గుండును 2 మీటర్ల నుంచి వదిలి, గుంట 19 మి.మీ. దరిదాపుల్లో ఉంటేనే కాలుస్తారు. జాకెట్ తూటాను ఆపితే చాలదు, వెనక గుంటకూ 44 మి.మీ. హద్దు ఉంది.

బరువు వంకరగా దిగకుండా చుట్టూ ఫెల్ట్ అంటించి 3 మి.మీ. సందు వదలండి. పైపుకు అక్కడక్కడా కన్నాలు పెట్టకపోతే లోపలి గాలి పంపులా అడ్డుపడుతుంది. పాత ప్యాడ్లలో ఊచ బెత్తం కడ్డీ మీద పడితే ఆగినట్టే ఉంటుంది, పక్క సందులో పడితే దూదిలోకి జారిపోతుంది. కనీసం ఐదు చోట్ల వేయందే మాట చెప్పొద్దు.

ఈ బరువు సెకనుకు 5.4 మీటర్ల వేగంతోనే పడుతుంది. దీనికే చిల్లుపడ్డ వస్తువు మీద ఆశ వదిలేయొచ్చు, ఆగిందంటే మాత్రం తూటా సంగతి ఏమీ తేలనట్టే.

హెల్మెట్‌తో చేస్తే దానిమీద మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు వేసి పక్కన పడేయండి. లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే పైకి కనబడదు, ఎవరో పిల్లాడు తెలియక పెట్టుకుని బ్యాటింగ్‌కు వెళ్ళిపోతాడు.